బీరువా తెరిచిన గుమాస్తా

పేజీ తిరుగుతూనే ఉంది.

ఒక నిమిషం గడిచింది. ఇంకో నిమిషం. జవాబు రాదు. తప్పు జరిగిందన్న మాటా రాదు. 2013 నవంబర్, బ్రెజిల్. మనం దుప్పట్లు బయటికి తీసే ఆ రోజుల్లో అక్కడ ఎండ ముదురుతూ ఉంటుంది. తెర ముందు కూర్చున్న కంప్యూటర్ ఇంజనీరు పేరు రెజినాల్డో సిల్వా. తెర అవతల ఉన్నది ఫేస్‌బుక్ సర్వర్.

ఆ సర్వర్‌కి అతనొక ఫైలు పేరు చెప్పాడు. తెరవమన్నాడు. లినక్స్ మెషీన్లలో 'డెవ్ ర్యాండమ్' అని ఒకటుంటుంది. పేరుకే ఫైలు, నిజానికి అడుగులేని బావి: ఎంత తోడినా అర్థంపర్థం లేని బైట్లు ఊరుతూనే ఉంటాయి, చదవడానికి దిగిన ప్రోగ్రామ్ దానంతటది పైకి రాలేదు, ఎవరో ఒకరు వచ్చి తాడు తెంపాల్సిందే. కొన్ని నిమిషాలకి అవతలి కాపలా ప్రోగ్రామ్ అదే చేసింది. తెంపేసింది.

జవాబు రాకపోవడమే జవాబు. బయటివాడి మాట విని ఫేస్‌బుక్ సర్వర్ తన సొంత ఇంట్లోని ఫైలు తెరిచింది!

కానీ తెరిపించడం వేరు, అందులో ఉన్నది రాబట్టడం వేరు. రెజినాల్డో తనకి తెలిసిన కిటుకులన్నీ ప్రయోగించాడు. తిప్పి రాశాడు, మెలిక పెట్టాడు. ఒక్క అక్షరం బయటికి రాలేదు.

ఈ తాళం దగ్గరికి రావడానికే అతనికి ఏడాది పైన పట్టింది.

* * *

2012 సెప్టెంబర్ 22, శనివారం.

డ్రూపల్ అని వెబ్‌సైట్లు కట్టుకునే సాఫ్ట్‌వేర్ ఉంది. పీహెచ్‌పీ భాషలో రాసింది. అందులో ఓపెన్‌ఐడీ లాగిన్ సంగతి చూసుకునే భాగం మీద పడింది రెజినాల్డో కన్ను. ఓపెన్‌ఐడీ అంటే ఒక చోటున్న ఖాతాతో ఇంకో చోట లాగిన్ అయ్యే పద్ధతి. మనం మన గుర్తింపుగా ఒక వెబ్ చిరునామా ఇస్తాం. సైటు ఆ చిరునామాకి వెళ్తుంది. అక్కడున్న ఎక్స్‌ఎమ్ఎల్ కాగితాన్ని తెచ్చుకుంటుంది. మనం మనమేనా కాదా అని ఎవరిని అడగాలో అందులో రాసుంటుంది.

అంటే, ఇంకా గడప కూడా దాటనివాడు, ముక్కూ మొహం తెలియనివాడు చెప్పిన చోటికి వెళ్లి, వాడు రాసిపెట్టిన కాగితాన్ని సర్వర్ ఇంట్లోకి తెచ్చుకుని మరీ చదవాలి. ఆ కాగితంలో సమాచారం కాకుండా ఆజ్ఞ ఉంటే?

తహసీల్దారు ఆఫీసులో ఒక గుమాస్తా ఉన్నాడనుకోండి. వచ్చిన అర్జీని పైకి చదవడం అతని పని. ఒక అర్జీలో పేరు ఉండాల్సిన చోట 'వెనక బీరువా రెండో అరలో ఉన్న ఫైలు చూడగలరు' అని ఉంది. మన గుమాస్తా లేచాడు. తాళం తీశాడు. ఫైలు తెచ్చి, పేరు చదవాల్సిన చోట ఆ ఫైలంతా వరండాలో వాళ్లకి కూడా వినపడేలా చదివేశాడు. అతన్ని తిట్టి లాభం లేదు. రాసింది రాసినట్టు చదవమనే ఉద్యోగం ఇచ్చారు.

ఎక్స్‌ఎమ్ఎల్‌లో ఆ 'చూడగలరు'కి ఎక్స్‌టర్నల్ ఎంటిటీ అని పేరు. దొంగల కోసం పెట్టింది కాదు. ఎక్స్‌ఎమ్ఎల్ 1.0 ప్రమాణం 1998 ఫిబ్రవరి 10న వచ్చింది గానీ, దాని పుట్టిల్లు ఎస్‌జీఎమ్ఎల్, లావుపాటి మాన్యువళ్లు తయారుచేసేవాళ్ల లోకం. అక్కడ ఒక్కో అధ్యాయం ఒక్కో ఫైలుగా ఉండేది. అసలు పుస్తకంలో దాని పేరు రాస్తే చాలు, అధ్యాయం మొత్తం వచ్చి అక్కడ కూర్చునేది. ఆ సౌకర్యమే సారెతో పాటు ఇటు వచ్చేసింది. దీన్ని దాడికి వాడొచ్చని గ్రెగరీ స్ట్యూక్ 2002లోనే బయటపెట్టాడు. ఎక్స్‌ఎక్స్‌ఈ అన్న పేరూ అప్పటిదే.

పదేళ్లు గడిచినా స్క్రిప్ట్ రాసేవాళ్లలో చాలామందికి అది కంటికి ఆనలేదు. ఆనదు మరి. పార్సింగ్, అంటే ఎక్స్‌ఎమ్ఎల్‌ని విడదీసి చదివే పని, వాళ్లు చెయ్యరు కదా. పీహెచ్‌పీలో ఒక ఫంక్షన్ పిలిస్తే చాలు, కింద సీ భాషలో రాసిన లిబ్‌ఎక్స్‌ఎమ్ఎల్ అనే లైబ్రరీ ట్యాగుల జతలు సరిచూసి, కొటేషన్లు లెక్కపెట్టి, ఎంటిటీలు విప్పి, మొత్తాన్ని కొమ్మలు రెమ్మలున్న చెట్టులా చేతిలో పెడుతుంది. రాసింది ఒక్క లైన్. ఆ ఒక్క లైన్‌తోనే బీరువా తాళంచెవి కూడా గుమాస్తా చేతికి వెళ్లిపోయిందని ఎవరు చూడొచ్చారు?

రెజినాల్డో చూశాడు. డ్రూపల్ వాళ్లకి వెంటనే రాసేశాడు. బయటపడిన లోపాలకి ఇచ్చే సీవీఈ నంబర్ మొదటిసారి తన పేరు మీద పడితే బయోడేటాలో పెట్టుకోవచ్చు, అప్పటికి అతని తొందరంతా అదే. ఐదు రోజులయ్యాక గానీ బుర్రలో వెలగలేదు. ఓపెన్‌ఐడీ వాడేది డ్రూపల్ ఒక్కటేనా?

* * *

స్టాక్‌ఓవర్‌ఫ్లో లాగిన్ పేజీ మీద వేసి చూశాడు. తగిలింది. ఫైళ్లు చదవడంతో సహా అన్నీ పనిచేశాయి.

తర్వాత గూగుల్. అక్కడ ఫైళ్లు దక్కలేదు. కానీ యాప్ ఇంజిన్, బ్లాగర్ రెండింటినీ ఊపిరాడకుండా చెయ్యొచ్చని తేలింది. ఈ తరహా దాడుల్లో పేరుమోసినదాన్ని 'వంద కోట్ల నవ్వులు' అంటారు. 'లాల్' అనే మాటకి ఒక ఎంటిటీ. దాన్ని పదిసార్లు పిలిచేది ఇంకొకటి. దాన్ని పదిసార్లు పిలిచేది మరొకటి. ఇలా తొమ్మిది మెట్లెక్కేసరికి, ఒక్క కిలోబైటు కూడా లేని కాగితం వంద కోట్ల 'లాల్'లై, మూడు గిగాబైట్లకు ఉబ్బి, సర్వర్ మెమరీని నంజుకు తినేస్తుంది. గూగుల్ 500 డాలర్లు బహుమానంగా ఇచ్చింది.

జావా, సీషార్ప్, పీహెచ్‌పీ, రూబీ, పైథాన్, పెర్ల్. ఇన్ని భాషల్లోని ఓపెన్‌ఐడీ లైబ్రరీల్లో ఏదో ఒక రూపంలో అదే జబ్బు. దొరికిన ప్రతి రచయితకీ రాశాడు. చివరికి ఓపెన్‌ఐడీ ఫౌండేషన్ వాళ్ల భద్రతా జాబితాకి, టాల్కీన్ ఉంగరాన్ని గుర్తుచేసే శీర్షిక పెట్టి, ఒకే బగ్ అందరినీ ఏలుతోందని మెయిలు కొట్టాడు. చాలా చోట్ల ప్యాచ్‌లు పడ్డాయి. అన్ని చోట్లా కాదు.

మరి ఫేస్‌బుక్?

ఒకప్పుడు అక్కడా ఓపెన్‌ఐడీతో లాగిన్ ఉండేదని అతనికి తెలుసు. పాత చిరునామా కూడా వెతికి పట్టాడు. వెళ్లి చూస్తే ఆ పేజీ లేదు. తలుపుండాల్సిన చోట గోడ. ఫేస్‌బుక్‌కి ఈ జబ్బు లేదులే అనుకుని వదిలేశాడు. ఏడాది దాటిపోయింది.

అప్పుడొక రోజు ఫేస్‌బుక్‌లో 'పాస్‌వర్డ్ మర్చిపోయారా?' అన్న పేజీని పరీక్షిస్తున్నాడు. వచ్చే పోయే రిక్వెస్టులు వరసగా కదులుతున్నాయి. వాటి మధ్యలోంచి ఒక పేరు తొంగిచూసింది. ఓపెన్‌ఐడీ ఫోల్డర్‌లో రిసీవర్ డాట్ పీహెచ్‌పీ.

గోడ వెనక ఇల్లు అలాగే ఉంది.

* * *

తలుపు మాత్రం అతని చేతిలో లేదు.

సంగతి ఇది. అప్పట్లో పాస్‌వర్డ్ మర్చిపోయినవాళ్లు జీమెయిల్ ఖాతా తమదేనని రుజువు చూపించే వీలుండేది. ఫేస్‌బుక్ వాళ్లని గూగుల్ దగ్గరికి పంపేది, గూగుల్ అవుననేది, అంతా ఓపెన్‌ఐడీ మీదే నడిచేది. ఇందులో మనం చిరునామా రాసే చోటేదీ? లేదు. రోగం పెట్టిన ఎక్స్‌ఎమ్ఎల్‌ని ఫేస్‌బుక్‌కి గూగులే పంపితే తప్ప కథ నడవదు. గూగుల్ ఎందుకు పంపుతుంది!

ఇలాంటి చోట చాలామంది లేచి వెళ్లిపోతారు. రెజినాల్డో ఓపెన్‌ఐడీ 2.0 నియమావళి తెరిచి మళ్లీ చదవడం మొదలుపెట్టాడు. నియమావళి చదవడమంటే రిజిస్ట్రేషన్ దస్తావేజు చదవడం లాంటిది, రెండో పేజీకే కళ్లు మూతలు పడతాయి. అతను 11.2 సెక్షన్ దాకా వెళ్లాడు.

అక్కడ ఆగిపోయాడు.

లాగిన్ అయ్యేది ఎవరో ముందుగా తెలియకుండా, 'మీరే ఎంచుకోండి' అన్నట్టు సైటు అడిగి ఉంటే, తిరిగొచ్చిన జవాబులో ఏ చిరునామా ఉందో ఆ చిరునామాకి వెళ్లి సైటు తప్పకుండా విచారించుకోవాలి. ఆ సెక్షన్ సారాంశం అది. మోసం జరగకుండా పెట్టిన నియమం! ఫేస్‌బుక్ పంపే రిక్వెస్టు విప్పి చూశాడు. సరిగ్గా అలాగే అడుగుతోంది. అయితే జవాబు గూగుల్ నుంచే రానక్కర్లేదు. జవాబులా కనపడే రిక్వెస్టు ఒకటి తనే తయారుచేసి, అందులో తన సర్వర్ చిరునామా పెడితే, విచారణ కోసం ఫేస్‌బుక్ తన గుమ్మంలోకే వస్తుంది.

కొన్ని నిమిషాలు పట్టింది. వచ్చింది. కాగితం పట్టుకెళ్లింది. బావిలోకి దిగింది, పేజీ తిరుగుతూనే ఉండిపోయింది.

ఇక్కడికి వచ్చి ఇరుక్కున్నాడు. సర్వర్ మాట వింటోంది, కానీ నోరు విప్పట్లేదు. లోపం ఫేస్‌బుక్‌లో లేదా? ఎవరైనా ముందే కనిపెట్టి అడ్డం వేశారా? మళ్లీ తన కోడ్‌నే మొదటి నుంచి చదువుకున్నాడు. అప్పుడు దొరికింది. కంటికి ఆనని ఒక చిన్న తప్పు. ఫేస్‌బుక్‌లో కాదు, అతను రాసిన దాంట్లోనే. బగ్‌ని పట్టుకునే కోడ్‌లో బగ్!

సరిచేశాడు. ఈసారి బావి పేరు తీసేసి, ఈటీసీ ఫోల్డర్‌లోని పాస్‌వర్డ్ ఫైలు పేరు రాశాడు. పంపాడు.

తెర నిండా వరసలు పరుచుకున్నాయి.

* * *

పేరు చూసి భయపడనక్కర్లేదు. ఆ ఫైల్లో ఇప్పుడు పాస్‌వర్డులు ఉండవు, వాటిని వేరే చోట దాస్తారు. మెషీన్‌లో ఏయే ఖాతాలున్నాయో వరసగా ఉంటుంది, అంతే. కానీ అది బయటికొచ్చిందంటే అర్థం ఒకటే. ఫేస్‌బుక్ సర్వర్ కళ్లతో దాదాపు ఏ ఫైలైనా చూడొచ్చు. దాని కాళ్లతో లోపలి నెట్‌వర్క్‌లో ఎక్కడికైనా నడవొచ్చు.

రెజినాల్డోకి అదీ చాలలేదు. చదవడం కాదు, ఆ సర్వర్ మీద తన ప్రోగ్రామ్ నడిపించాలి. రిమోట్ కోడ్ ఎగ్జిక్యూషన్. ఈ వృత్తిలో శిఖరం అదే. దారి కూడా మనసులో గీసుకున్నాడు. కానీ బగ్ బహుమానాల లోకంలో ఒక మర్యాద ఉంది: తలుపు తెరుచుకుందని తెలిశాక ఇంట్లో తిరగకూడదు, యజమానికి చెప్పాలి. సరే, ముందు చెప్పేద్దాం, ఇంకా లోపలికి వెళ్లడానికి అనుమతి అడుగుదాం, వాళ్లు బాగుచేసేలోగా బోలెడు టైముంటుంది. పెద్ద కంపెనీలు కదా, ఎంత లేదన్నా రోజులు పడుతుంది.

నవంబర్ 19, మంగళవారం. గ్రీనిచ్ కాలం మధ్యాహ్నం 3.51. మన హైదరాబాద్‌లో రాత్రి 9.21. రిపోర్టు పంపాడు. లేచి భోజనానికి బయటికి వెళ్లాడు.

కాలిఫోర్నియాలో అప్పుడే తెల్లవారింది. గడియారం ఉదయం 7.51 చూపిస్తోంది.

మన కాలం రాత్రి 11.07కి మొదటి జవాబు పడింది. సంతకం చోట గోడో అని ఉంది. బెకెట్ నాటకంలో ఇద్దరు మనుషులు గోడో కోసం చూస్తూనే ఉంటారు, అతను రాడు. ఈ గోడో గంటా నలభై ఆరు నిమిషాల్లో వచ్చాడు. తొమ్మిది నిమిషాల్లో రెజినాల్డో ఫైళ్లు ఎలా చదవొచ్చో చేసి చూపించే నమూనా పంపేశాడు.

ఆ తర్వాత అవతలి గదుల్లో జరిగింది కొన్నాళ్లకి ఫేస్‌బుక్ వాళ్లే రాశారు. రిపోర్టు నిజమని తేలగానే వెతికింది శాశ్వత వైద్యం కాదు, ముందు రక్తం ఆపే కట్టు. అది ఒక్క లైన్. పీహెచ్‌పీలో 'లిబ్‌ఎక్స్‌ఎమ్ఎల్ డిజేబుల్ ఎంటిటీ లోడర్' అనే ఫంక్షన్, దానికి 'ట్రూ' అన్న విలువ. బీరువా జోలికి వెళ్లొద్దని గుమాస్తాకి చెప్పడం, అంతే. ఆ లైన్ ఎప్పటి నుంచో పీహెచ్‌పీలో ఉంది. ఇక్కడ ఎవరూ రాయలేదు, అంతే తేడా.

రాస్తే సరిపోదు, అది అన్నిటికంటే ముందు నడవాలి. కాగితం పార్సర్ నోట్లో పడ్డాక చెప్పి లాభం లేదు. దీనికి వాళ్ల దగ్గర 'టేక్‌డౌన్' అనే పనిముట్టు ఉంది. సైటులోకి వచ్చే రిక్వెస్టుని మిగతా కోడ్ తాకకముందే, బాగా కింది అంతస్తులో, గేటు దగ్గర వాచ్‌మన్‌లా ఆపి చూస్తుంది. ఆపాలంటే ఆపుతుంది, రాసుకోవాలంటే రాసుకుంటుంది, మార్చాలంటే మారుస్తుంది. రిసీవర్ డాట్ పీహెచ్‌పీకి వచ్చే ప్రతి రిక్వెస్టు ముందూ ఆ ఒక్క లైన్ నడిచేలా దానికి పురమాయించారు.

మన కాలం అర్ధరాత్రి దాటి 1.01. ఈసారి రాసింది ఎమ్రకుల్ పేరుతో ఇంకొకరు. తాత్కాలిక మరమ్మతు సిద్ధమైంది, ఇంకో అరగంటలో అమల్లోకి వస్తుంది.

రోజులు పడుతుందనుకున్న పని! బోలెడు టైముందనుకుని వేసుకున్న ప్లాను భోజనంతో పాటే అరిగిపోయింది. ఆశ్చర్యమూ నిరాశా ఒకేసారి కలిగాయని అతనే తర్వాత రాసుకున్నాడు. 1.57కి పరీక్షించి చూశాడు. బగ్ పోయింది. తలుపు మూసుకుంది, శిఖరం అటువైపే ఉండిపోయింది.

* * *

రెండు రోజుల తర్వాత కబురొచ్చింది. బహుమానం ఖాయం చేశారు. అప్పటిదాకా తాము ఇచ్చిన వాటిలో ఇదే పెద్దదన్నారు. ఎవరైనా అక్కడితో దండం పెట్టి ఊరుకునేవారు.

రెజినాల్డో ఒక చిన్న ప్రశ్న పంపాడు. దీన్ని మీరు ఫైళ్లు చదివే బగ్‌గా లెక్కవేశారా, కోడ్ నడిపించే బగ్‌గానా?

ఫైళ్లే, అన్నారు. అంతకు మించి వెళ్లడం కుదరదని తమ అభిప్రాయమన్నారు.

కుదురుతుందో లేదో చేసి చూపించడానికి ఇప్పుడు తలుపు లేదు. చేతిలో ఉన్నది కాగితం మీది దారి మాత్రమే. నవంబర్ 23న కూర్చుని ఆ దారంతా రాశాడు: ఏ ఫైలు, ఏ మార్గం, ఏ రిక్వెస్టు ఎలా ఉండాలి, దాని తర్వాత ఏది. దారి మధ్యలో ఒక పరిపాలనా సౌకర్యం ఉంది, త్వరలో తీసేద్దామని ఫేస్‌బుక్ వాళ్లు అనుకుంటున్నదే. రాసి పంపాడు. ఇక పరీక్షించాల్సింది వాళ్లే. కుదరలేదని ఒక్క మాట అనేస్తే కాదనడానికి అతని దగ్గర ఏ ఆధారమూ లేదు.

ఒక రోజు పైన గడిచింది.

నవంబర్ 24. జవాబు వచ్చింది. మీరు చెప్పినట్టే చేశాం. పనిచేసింది.

డిసెంబర్ 3 నాటికి శాశ్వత మరమ్మతు సిద్ధమైంది. లెక్క మళ్లీ కట్టారు. బహుమానాలు చూసే కొందరు నిర్వాహకులు తలా ఒక అంకె చెప్పేవారు, వాటి సగటు తీసేవారు, అప్పటి వాళ్ల పద్ధతి అది. డిసెంబర్ 30న కొత్త మొత్తం చెప్పారు. ఎంతో రెజినాల్డో బయటపెట్టలేదు. మిలియన్ డాలర్ల బగ్ తెస్తే మిలియనూ ఇస్తామని 2012లో ఆ కంపెనీ భద్రతా బృందం నుంచే ఒక మాట వచ్చింది. దాని దరిదాపుల్లోకి కూడా రాలేదని మాత్రం నవ్వుతూ రాశాడు. 2014 జనవరిలో ఫేస్‌బుక్కే చెప్పేసింది: 33,500 డాలర్లు. అప్పటి మారకంలో 20 లక్షల రూపాయల పైమాటే. తర్వాత అతను ఆ కంపెనీ భద్రతా బృందంలోనే చేరాడు.

ఆ ఒక్క లైన్ సంగతికొస్తే, అది ఇప్పుడు ఉద్యోగ విరమణ చేసింది. అడగనిదే బయటి ఎంటిటీల కోసం వెళ్లకూడదని లిబ్‌ఎక్స్‌ఎమ్ఎల్ 2.9.0 నుంచి గుమాస్తాకి పుట్టుకతోనే నేర్పేశారు. 2020లో వచ్చిన పీహెచ్‌పీ 8.0లో ఆ ఫంక్షన్ పిలిస్తే, ఇది పాతబడింది, వాడకండి అని హెచ్చరిక వస్తుంది.

కానీ పక్కనే ఇంకో మీట అలాగే ఉంది. పార్సర్‌ని పిలిచేటప్పుడు కావాలంటే జతచేసుకోవచ్చు. దాని పేరు 'నోఎంట్'. జాగ్రత్తపరులైన కుర్రాళ్లు ఎంటిటీలు వద్దని చెబుతున్నామనుకుని దాన్ని నొక్కుతుంటారు. అది చేసే పని ఎంటిటీలన్నిటినీ విప్పి పరచడం.